తన బండి నూనె తానే మార్చుకొను హక్కు

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగ కడపకును, అచ్చటినుండి గువ్వలచెరువు కనుమనెక్కి రాయచోటికిని, చిత్తూరునకును పోవు 40వ జాతీయ రహదారి ప్రక్కన ఏ పూట నిలిచి చూచినను, వానచినుకునకు మొగము వాచిన ఈ సీమలో ఎన్ని కుటుంబముల జీవనము లారీ చక్రములపై ఆధారపడియున్నదో ఇట్టే తెలియును. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల గనుల నాపరాళ్ళు, ఎర్రగుంట్ల పరిసరములందలి కర్మాగారముల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, నంద్యాల బియ్యము, కర్నూలు ఉల్లి, వీనిలో ఏదైనను సరే, లారీపై కెక్కి ఊరు దాటినగాని దానికి ధర రాదు.

ఆ లారీలలో అనేకములకు యజమానియే డ్రైవరు. బోరు ఎండిన పిదప నాలుగెకరముల మెట్టను నమ్ముకొనలేక, ఫైనాన్సు కంపెనీ వద్ద కంతుల పద్ధతిని బండి తీసికొని, బాడుగలపై సంసారము నీడ్చుకొను మనిషి యతడు. కంతు, డీజిలు, టైర్లు, టోలు, ఇన్సూరెన్సు, ఎఫ్.సి. ఖర్చు, వీని నన్నిటిని తీర్చిన పిదప మిగులు నాలుగు రూకలను కాపాడుకొనుటకు అతని చేతిలో నున్న ఉపాయము ఒక్కటే: తాను చేసికొనగల పనిని పరులకు అప్పగింపకుండుట. ఇంజను ఆయిలు, గేరుబాక్సు ఆయిలు, హౌసింగు ఆయిలు మార్చుట అట్టి పనులలో మొదటిది. లోడు దించి ఇల్లు చేరిన దినమున, వాకిటి వేపచెట్టు నీడలో, క్లీనరు పానాలందించుచుండగా యజమాని బండి క్రిందికి దూరి డ్రెయిన్ నట్టు విప్పుట మన పల్లెలలో నిత్యము కనబడు దృశ్యము.

ఈ స్వాతంత్ర్యము ఇప్పుడొక మలుపున నిలిచియున్నది. చేతితో మార్చు గేర్ల స్థానమున తమంతట తామే మారు గేర్లు వచ్చుచున్నవి. వానితోపాటు, వాని నూనెను, ఫిల్టరును కంపెనీ సర్వీసు కేంద్రముననే మార్పింపవలెననియు, లేదా జన్మమంతయు మార్పనక్కరలేదనియు చెప్పు మాటలు గూడ వచ్చుచున్నవి. ఇంటివద్ద, తగిన జాగ్రత్తతో, తన బండి నూనె తానే మార్చుకొనుట యజమాని హక్కనియు, ఆ హక్కు నిలుచుటకు వలయు విద్యను అతని భాషలో అతని కందించుట కంపెనీలకును ప్రభుత్వమునకును విధి యనియు, తీసిన పాత నూనెను నేలపాలు చేయకుండుట ఆ హక్కుతో విడదీయరాని ధర్మమనియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ సీమకు రవాణా క్రొత్త కాదు. వాహనమును నడుపువాడే దానిని పోషించుకొనుటయు క్రొత్త కాదు. ఎద్దులబండ్ల కాలమున ఆముదములో కాల్చిన గడ్డిమసిని కలిపి కందెన చేసికొని, ఇరుసునకు తన చేతితో పూయక బండి కట్టిన రైతు లేడు. 1863–70 సంవత్సరముల నడుమ మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ సేద్యమునకే గాక పడవల రాకపోకలకు గూడ ఉద్దేశింపబడినది; ఆ కంపెనీ నిలద్రొక్కుకొనలేకపోగా 1882లో ప్రభుత్వము కాలువను స్వాధీనపరచుకొనెను. పడవల ఆశ పోయినది, బండ్లు నడచినవి, పిమ్మట లారీలు వచ్చినవి. వాహనము మారినప్పుడెల్ల దానిని పోషించు విద్య నడుపువాని వెంటనే వచ్చినది. వాహనము మాత్రము చేతికి వచ్చి, దాని విద్య మరియొకరి యొద్ద ఆగిపోవు ప్రమాదము ఇప్పుడే తొలిసారిగ ఏర్పడుచున్నది.

ఆ విద్య ఏమి యని విచారింతము. చేతిగేర్ల పెట్టెలో నూనెకు గల పని మిక్కిలి సరళమైనది: పండ్లకు పండ్లు ఒరసికొని అరిగిపోకుండ వాని నడుమ పొరగా నిలుచుట. ఆటోమేటిక్ గేరుబాక్సులో అట్లు కాదు. ఇంజను బలమును చక్రముల వైపు మోసికొనిపోవునది అందు నూనెయే. ఎదురెదురుగ నిలిపిన రెండు పంకలలో ఒకటి విసరిన గాలికి రెండవది తిరుగునట్లు, టార్క్ కన్వర్టరు అను డొల్లలో ఇంజనుతో తిరుగు రెక్కలు నూనెను విసరగా, ఆ నూనె తాకిడికి గేరుబాక్సు వైపు రెక్కలు తిరుగును. ఈ సూత్రమును 1905లో జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగరు ఓడల యంత్రముల కొరకు కనిపెట్టెను; మోటారు బండ్లలో సంపూర్ణముగ ఆటోమేటిక్ అగు గేరుబాక్సును జనరల్ మోటార్సు వారు హైడ్రామాటిక్ అను పేర 1939లో ప్రవేశపెట్టి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్ల కమర్చిరి. అదే నూనె ఒత్తిడితో క్లచ్చి పలకలను అదిమి గేర్లను మార్చును. అదే నూనె ఒరపిడిని తగ్గించును. అదే నూనె లోపలి వేడిమిని కూలరునకు మోసికొనిపోవును. ఇన్ని పనులు ఒక ద్రవ్యముపై మోపబడినప్పుడు, అది చెడిన నాడు గేరుబాక్సు యావత్తు చెడుట సహజము.

అందుచేతనే ఈ నూనె కూర్పు మిక్కిలి సూక్ష్మమైనది. క్లచ్చి పలకలు పట్టుకొనుటకు తగినంత ఒరపిడి యుండవలెను, జర్కు లేక పట్టుకొనుటకు తగినంత జారుడు నుండవలెను. ఈ రెంటిని సమకూర్చుటకై అమెరికాలో ఒకప్పుడు స్పెర్మ్ జాతి తిమింగలముల నూనెను కలుపుచుండిరి. 1970 దశకారంభమున ఆ తిమింగలముల రక్షణకై చట్టములు వచ్చి ఆ నూనె నిషిద్ధము కాగా, దానికి సమానమగు రసాయనమును కుదుర్చుటకు శాస్త్రజ్ఞులు మిక్కిలి శ్రమింపవలసి వచ్చెను. చూచుటకు ఎఱ్ఱగా నున్న నూనెలన్నియు ఒక్కటి కావనియు, కంపెనీ పుస్తకము పేర్కొన్న ప్రమాణము గల నూనెనే పోయవలెననియు ఈ చరిత్ర మనకు బోధించుచున్నది.

ఇది మనకు దూరపు విషయమని తలంచువారు తిరుపతి జిల్లాలోని శ్రీసిటీని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2016 ఏప్రిలులో అచ్చట ఇసుజు సంస్థవారి కర్మాగారము ప్రారంభమైనది. అచ్చట తయారగు వి-క్రాస్ పికప్పు ట్రక్కు 2021 నుండి ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టెతో గూడ లభించుచున్నది. అనగా ఈ యంత్రము మన రాష్ట్రపు నేలపైననే, ఒకప్పటి చిత్తూరు జిల్లా సరిహద్దులలోనే పుట్టుచున్నది. గనులలో తిరుగు భారీ డంపర్లలో ఆటోమేటిక్ గేరుబాక్సులు ఎన్నడో వచ్చినవి. పెద్ద లారీలలో ఇప్పుడు ఎ.ఎం.టి. యను మరియొక రకము ప్రబలుచున్నది. అందు లోపలి గేర్లు, క్లచ్చి పలక పాతవే కాని వానిని కదల్చు పని మాత్రము యంత్రము చేయును, కావున దాని నూనె అవసరములు చేతిగేర్ల పెట్టెకు దగ్గరగా నుండును. తన బండిలో నున్నది ఏ రకమో నిశ్చయముగ తెలిసికొనుటయే యజమాని చేయవలసిన మొదటి పని. ఒకదాని నూనె రెండవదానిలో పోసినచో ఆ తప్పు దిద్దుకొనుటకు మిగులునది క్రొత్త గేరుబాక్సు కొనుటయే కావచ్చును.

మన వాతావరణము ఈ యంత్రమునకు మిత్రుడు కాదు. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడపలలో గాలి వేడిమియే 43, 44 డిగ్రీలకు చేరుచుండును. బరువు లోడుతో బండి గువ్వలచెరువు కనుమనో, నల్లమల ఘాట్లనో మెల్లగా ఎక్కునప్పుడు టార్క్ కన్వర్టరులోని నూనె విశేషముగ చిలుకబడి కాగిపోవును. ఎదురుగాలి లేని ఆ నెమ్మది నడకలో కూలరునకు అందు గాలియు తక్కువే. గేరుబాక్సు నూనె వేడిమి 80 డిగ్రీల ప్రాంతమును దాటిన పిదప, సుమారు ప్రతి పది డిగ్రీల పెరుగుదలకును దాని ఆయుర్దాయము సగమగునని యంత్రవేత్తలు చెప్పు స్థూలసూత్రము. చల్లని దేశమున, సమతల రహదారులపై, ఖాళీగా నడచు బండికి వ్రాసిన కాలపరిమితి మన సీమకు చెల్లదు. పెక్కు కంపెనీల పుస్తకములలోనే కొండదారులు, దుమ్ము, భారము, అధికోష్ణము గల చోట్లను కఠిన పరిస్థితులుగ పేర్కొని, అట్టిచోట నూనెను త్వరగా మార్పవలెనని వేరు పట్టిక యుండును. మన బండ్లకు వర్తించునది ఆ పట్టికయే. జన్మమంతయు నూనె మార్పనక్కరలేదను మాట వినినప్పుడు, ఎవరి జన్మము, ఎన్ని కిలోమీటర్ల జన్మమని యజమాని ప్రశ్నింపవలెను. వారంటీ ముగిసిన మరునాటి నుండి నష్టము పడువాడు అతడే గదా!

ఇక పని స్వరూపము. దీనిలో మంత్రమేమియు లేదు, కాని క్రమము కలదు. ఆ క్రమము తప్పినచో ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును గావున ముందుగా రక్షణను గూర్చి చెప్పవలెను. బండిని గట్టి సమతల భూమిపై నిలిపి, చక్రములకు అడ్డుకట్టలు వేసి, హ్యాండు బ్రేకు లాగి, జాకీతో ఎత్తిన పిదప బండి బరువునకు తగిన ఇనుప స్టాండ్లపై దించవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. మన ప్రాంతమున సులభముగ దొరకును గదా యని నాపరాళ్ళను ఒకదానిపై నొకటి పేర్చి బండిని నిలుపు అలవాటు పెక్కుచోట్ల కలదు. పొరలు పొరలుగా చీలు గుణముండుట చేతనే ఆ రాయి బండలుగా ఉపయోగపడుచున్నది. ఆ గుణమే బరువు క్రింద అది హఠాత్తుగా పగులుటకును కారణము కాగలదు. ఎన్ని రూకలు మిగిలినను ఒక ప్రాణమునకు సరిగావు.

నూనె గోరువెచ్చగా నున్నప్పుడే బాగుగ కారును. కొంతదూరము నడపి వచ్చి, చేయి కాలనంత చల్లారనిచ్చి పని మొదలిడవలెను. నూనె తీయు నట్టును విప్పుటకు ముందు, నూనె పోయు నట్టు వదులగునో లేదో చూచుకొనుట అనుభవజ్ఞుల నియమము. ఏలయన, క్రింది నట్టు విప్పి నూనె యంతయు కార్చిన పిదప పై నట్టు బిగిసి రాకున్నచో బండి నిలిచిన చోటనే నిలిచిపోవును. ఏ మూతను తీయుటకు ముందైనను దాని చుట్టునున్న దుమ్మును, బురదను శుభ్రముగ తుడిచివేయవలెను. డ్రెయిన్ నట్టు లేని పెట్టెలలో ఆయిలు ప్యాను బోల్టులను ఒక ప్రక్క ఎక్కువగను, మరియొక ప్రక్క తక్కువగను వదులు చేసినచో ప్యాను ఒకవైపునకు వాలి నూనె క్రమముగ దిగును.

ప్యాను విప్పిన పిదప దాని అడుగును, అందలి అయస్కాంతమును పరీక్షించుట ఈ పనిలోకెల్ల విలువైన ఘట్టము. సన్నని బూడిదరంగు ముద్ద అంటుకొనియుండుట సహజమైన అరుగుదల. ఇనుప తునకలు, ఇత్తడి వన్నె రేకులు, నల్లని క్లచ్చి పొడి అధికముగ కనబడినచో లోపల వ్యాధి ముదిరినదని అర్థము. అప్పుడు నూనె మార్చుటతో తృప్తిపడక అనుభవము గల మిస్తిరీని ఆశ్రయింపవలెను. నూనె రంగు ఎఱుపు పోయి కపిలవర్ణమునకు దిగి, మాడు వాసన కొట్టుటయు అట్టి హెచ్చరికయే. తన కంటితో ప్యాను చూచుకొనిన యజమానికి రాబోవు ఖర్చు ముందే తెలియును. కాగితముపై బిల్లు మాత్రమే చూచినవానికి తెలియదు.

పాత ఫిల్టరును లాగినప్పుడు దాని మెడకుండు రబ్బరు సీలు పెట్టెలోనే మిగిలిపోవుట కద్దు. దానిని తీయక క్రొత్త సీలు నెక్కించినచో ఫిల్టరు సరిగా కూర్చుండదు, పంపు గాలి పీల్చును, గేర్లు జారును. లోపలి భాగములను తుడుచుటకు మన షెడ్లలో వాడు కాటన్ వేస్టు తగదు. దాని నూలుపోగు ఒక్కటి సన్నని దారులలో చిక్కుకొన్నను వాల్వులు మొరాయించును. పోగులు రాలని గుడ్డయే వాడవలెను. పాత ప్యాకింగు అవశేషములను అంచులు గీచుకొనకుండ తొలగించి, క్రొత్త ప్యాకింగు వేసి, బోల్టులను ఎదురెదురుగ కొద్దికొద్దిగ బిగించుకొనుచు, తుదకు పుస్తకము చెప్పినంత బలముతోనే టార్క్ రెంచితో ముగింపవలెను. ఈ బోల్టులు చిన్నవి. లారీ చక్రపు నట్లు బిగించు అలవాటు గల చేయి వానిని ఇట్టే త్రెంచివేయగలదు.

కారిన నూనెను కొలిచి, అంతే పరిమాణము క్రొత్తది పోయుట మొదటి లెక్క. ప్యాను విప్పినంత మాత్రమున పాత నూనె యంతయు రాదు. టార్క్ కన్వర్టరులోను కూలరు గొట్టములలోను చాల భాగము నిలిచిపోవును, సాధారణముగ వచ్చునది మొత్తములో సగమునకు లోబడియే యుండును. అందుచేత నూనె మిక్కిలి మలినమైనచో కొంతదూరము నడపి మరల మార్చుట మంచిది. పిదప ఇంజను నడుచుచుండగా, బ్రేకుపై కాలుంచి, గేరు లివరును ఒక్కొక్క స్థానమునకు నెమ్మదిగ త్రిప్పి, నూనె పుస్తకము చెప్పిన వేడిమికి వచ్చినప్పుడు మట్టము చూడవలెను. తక్కువైనచో పంపు గాలి పీల్చును, ఎక్కువైనచో తిరుగు గేర్లు నూనెను చిలికి నురుగు చేయును, రెండును హానియే. కొలకఱ్ఱ లేని క్రొత్త పెట్టెలలో నిర్ణీతమైన వేడిమి వద్ద మట్టపు రంధ్రమునుండి నూనె పొర్లుటను బట్టి మట్టము నిర్ణయింపవలెను. ఆ వేడిమి ఎంతయో చెప్పు ఒక్క వాక్యము యజమానికి తెలిసిన భాషలో లేకపోవుటయే ఈ పనికి నేటి ప్రధానమగు అడ్డంకి.

ఇంతవరకు వచ్చిన పాఠకునకు ఒక సంగతి స్పష్టపడియుండును. ఈ పనికి అపూర్వమైన మేధ అవసరము లేదు. పరిశుభ్రత, ఓపిక, సరియైన నూనె, సరియైన సమాచారము అవసరము. మొదటి రెండును తరతరములుగ ఇనుముతో పనిచేసిన మన డ్రైవర్లకు, మిస్తిరీలకు కలవు. నూనె బజారున కలదు, కాని కల్తీ నూనెయు, పాత డబ్బాలలో నింపిన నకిలీ నూనెయు దాని ప్రక్కనే కలవు గనుక, సీలు చెడని డబ్బాను బిల్లుతో కొని, వాడిన పిదప డబ్బాను పగులగొట్టుట యజమాని జాగ్రత్త. నాల్గవదియగు సమాచారము మాత్రము అతని చేతిలో లేదు.

సమాచారమును, విడిభాగములను బిగించిపట్టుట వర్తక నీతి కాదని మన దేశపు సంస్థలే తీర్పు చెప్పియున్నవి. 2014 ఆగస్టు 25వ తేదీన కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, విడిభాగములను, మరమ్మతు సాధనములను స్వతంత్ర మిస్తిరీల కందనీయలేదను కారణమున పదునాలుగు కార్ల కంపెనీలపై రమారమి 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించెను. బయటి మిస్తిరీ చేయి పడినంతమాత్రమున వారంటీ రద్దగునని గంపగుత్తగా షరతు పెట్టరాదని గూడ ఆ ఉత్తరువు ఆదేశించెను. జరిమానాపై అప్పీళ్ళు నడచినను, ఆ ఉత్తరువులోని న్యాయము చెక్కుచెదరలేదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కునకై ఒక సంఘమును నియమించి, మోటారు బండ్లను, వ్యవసాయ యంత్రములను దాని పరిధిలో చేర్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 24న తత్సంబంధమగు పోర్టలును ప్రారంభించెను. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్–మాస్ చట్టము తమ విడిభాగములనే, తమ సేవనే కొనవలెనను నిర్బంధముతో వారంటీని ముడిపెట్టరాదనెను. 2012లో మసాచుసెట్స్ రాష్ట్రపు ఓటర్లు మోటారు మరమ్మతు హక్కును వోటుతోనే సాధించుకొనిరి. టెక్సాసులో స్థిరపడిన మన కడప, కర్నూలు బిడ్డలు తమ పొరుగువారు సెలవు దినమున ఇంటిముందర పికప్పు క్రిందికి దూరి గేరు నూనెను, ఫిల్టరును మార్చుకొనుట చూచుచునే యున్నారు. అచ్చట గౌరవమైన పని ఇచ్చట అపరాధ మెట్లగును?

దీనికి ఎదురువాదములు లేకపోలేదు. తెలియనివాడు చెడగొట్టునందురు, నిజమే, కాని తెలియజేయుట దానికి మందు గాని, తెలియనీయకుండుట మందు కాదు. మిస్తిరీల పొట్ట కొట్టుట యగునందురు. అది సత్యము కాదు. నూనె మార్చుకొను యజమాని తన ఊరి మిస్తిరీకి ప్రత్యర్థి కాదు, అతని పనిని గుర్తెరిగిన గ్రాహకుడు. సమాచారము బిగించబడిన నాడు యజమానితోపాటు నష్టపడువాడు ఆటోనగరులోని ఆ మిస్తిరీయే. వాల్వుబాడీ విప్పుట, క్లచ్చి పలకలు మార్చుట వంటివి నేర్పరులకే విడువదగినవని నేనును ఒప్పుకొందును. హద్దు తెలిసి చేయుటయే విద్య.

అన్నింటికంటె బలమైన ఆక్షేపణ పర్యావరణమును గూర్చినది. దానిని తేలికగా తీసివేయుట నాకు సమ్మతము కాదు. వాకిట తీసిన పాత నూనె నేడు ఎచ్చటికి పోవుచున్నది? కొంత సెంట్రింగు రేకులకు పూయబడుచున్నది. కొంత చెదలు పట్టకుండ గుంజలకు పూయబడుచున్నది. కొంత బట్టీలలో మండింపబడుచున్నది. మిగిలినది మురుగుకాలువకో, కంచె మొదటికో పోవుచున్నది. ఒక గ్యాలను పాత నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరించుచున్నది. వర్షపాతము సంవత్సరమునకు 700 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు మన జిల్లాలలో, వేయి అడుగుల లోతునకు బోరు దింపి నీరు వెదకు మన పల్లెలలో, ఆ మాట మరింత భయంకరముగ వినబడవలెను. పైగా మనది సున్నపురాతి నేల. కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున భూమి లోపల విస్తరించుటకు కారణము, రాతి పగుళ్ళవెంట దిగిన నీరు యుగయుగములుగ ఆ రాతిని కరిగించుటయే. నీరు దిగిన దారినే నూనెయు దిగును. వడగట్టు ఇసుకపొర నడుమ లేక, పగులునుండి పగులునకు పారి, బావులలో, బోర్లలో తేలగలదు. వాకిటిలో ఒలికిన నూనె ఆ వాకిటితోనే ఆగదు.

కావున హక్కు కోరు యజమాని పాత నూనెను మూతగల డబ్బాలో భద్రపరచి, ఫిల్టరును వడకార్చి వేరుగ నుంచి, సేకరించువారి కప్పగింపవలెను. దానికి చట్టము ఇప్పటికే త్రోవ యేర్పరచినది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల క్రింద వాడిన నూనె ప్రమాదకర వ్యర్థము. 2023లో చేసిన సవరణ ప్రకారము 2024 ఏప్రిలు 1 నుండి నూనె తయారుచేయువారికిని, దిగుమతి చేసికొనువారికిని వాడిన నూనెను తిరిగి సేకరింపజేసి శుద్ధి చేయించు బాధ్యత సంక్రమించినది. అమెరికాలో పెక్కు విడిభాగముల దుకాణములు పాత నూనెను ఉచితముగ తిరిగి తీసికొనును. మన నూనె అమ్ము దుకాణము ముందర అట్టి పీపా ఒకటి ఎందుకుండరాదు? అది దానము కాదు, చట్టము విధించిన బాధ్యతకు ఊరిలో దొరకవలసిన రూపము.

నేను కోరునవి నాలుగే. ఆంధ్రప్రదేశమున అమ్మబడు ప్రతి లారీతోను, పికప్పుతోను తెలుగు పుస్తకమొకటి ఇయ్యవలెను. గేరుబాక్సు నూనె ప్రమాణము, దాని పరిమాణము, మట్టము చూడవలసిన వేడిమి, ప్యాను బోల్టుల బిగింపు, కఠిన పరిస్థితులలో మార్పవలసిన కాలము అందు స్పష్టముగ నుండవలెను. ఫిల్టరు, ప్యాకింగు, సీలు కలిపిన పొట్లము కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప దుకాణములలో ఎవరు అడిగినను అమ్మవలెను. లారీ యజమానుల సంఘముల ఆవరణలలో సిమెంటు గుంత గల ర్యాంపును, గట్టి స్టాండ్లను, పాత నూనె పీపాను ఏర్పరచి, స్వల్ప రుసుముతో ఎవరికైనను వాడుకొననీయవలెను. అప్పుడు నాపరాళ్ళ దొంతరలపై ప్రాణము పణముగ పెట్టు దుస్థితి పోవును. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్కు విద్యార్థులకు ఆటోమేటిక్ పెట్టెను విప్పి చూపి నేర్పవలెను, సెలవు దినములలో డ్రైవర్లకును ఆ తరగతుల తలుపులు తెరువవలెను.

వీనిలో ఏదియు కోట్ల వ్యయమునకు సంబంధించినది కాదు. పుస్తకము అచ్చువేయు భారము బండి అమ్ము కంపెనీది, పీపా భారము నూనె అమ్ము కంపెనీది, స్థలము సంఘములది, కూర్చి నడిపించు భారము జిల్లా రవాణాధికారులదియు, కాలుష్య నియంత్రణ మండలిదియు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల అధికారులు రాబోవు వేసవికి ముందుగా వీరినందరిని ఒక్కచోట కూర్చుండబెట్టి, జిల్లాకొక ర్యాంపుతో, ఒక పీపాతో పని ప్రారంభించినచో, తక్కిన రాష్ట్రము ఈ సీమను చూచి నేర్చుకొనును. కంతు కట్టువాడు యజమాని, కనుమ నెక్కించువాడు యజమాని, గేరుబాక్సు చెడిననాడు వీథిన పడువాడు యజమాని. ఆ గేరుబాక్సును కాపాడు విద్య అతని చేతికి చేరవలెను, అతని చేతినుండి పాత నూనె ఊరి బావికి చేరకుండవలెను. ఈ రెండును కలసి సాధింపదగినవే గాని, ఒకటి నెపముగ రెండవదానిని కాదనుట న్యాయము కాదు.